కనెక్షన్ పూల్ పెంచడమా, కనెక్షన్‌ను త్వరగా వదలడమా?

గుంటూరు నుంచి ప్రశ్న:
మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల లెక్కల కోసం స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన అప్లికేషన్‌ను రెండు సర్వర్లపై నడుపుతున్నాము. సీజన్‌లో సరుకు ముమ్మరంగా వచ్చే ఉదయం వేళ, 30 సెకన్లు ఎదురుచూసినా డేటాబేస్ కనెక్షన్ దొరకలేదని లాగ్‌లో కనిపిస్తోంది. అందుకని హికారి పూల్‌ను (కనెక్షన్లను ముందే తెరిచి ఉంచి, అడిగినప్పుడు ఇచ్చే నిల్వను) 10 నుంచి 100కు పెంచగా, ఇప్పుడు మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ కొత్త కనెక్షన్లను నిరాకరిస్తోంది. రైతుకు ఎస్సెమ్మెస్ పంపడం తప్ప మిగిలినవన్నీ చిన్న క్వెరీలే (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలే). డేటాబేస్ పరిమితిని కూడా పెంచడమే మార్గమని నా అభిప్రాయం.

విజయవాడ నుంచి సమాధానం:
నేను ఏకీభవించలేను. పోస్ట్‌గ్రెస్ సాధారణ పరిమితి 100. మీ రెండు సర్వర్లు కలిసి అడుగుతున్నవి 200. ఖాళీగా ఉంచాల్సిన కనెక్షన్ల కనీస సంఖ్యను విడిగా చెప్పకపోతే హికారి ఖాళీ సమయంలోనూ పూల్‌ను పూర్తిగా నింపి ఉంచుతుంది కనుక, రద్దీ లేకపోయినా ఈ నిరాకరణ తప్పదు. పరిమితి పెంచితే ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ పుడుతుందే గాని, ప్రాసెసర్ కోర్లు పెరగవు.

అసలు చిక్కు మీరు తేలికగా దాటేసిన ఎస్సెమ్మెస్ దగ్గర ఉందని నా అనుమానం. ఒక్కో లావాదేవీకి (ట్రాన్సాక్షన్‌కు) 20 మిల్లీసెకన్లు పడితే పది కనెక్షన్లు సెకనుకు 500 లావాదేవీలను మోయగలవు. అదే ట్రాన్సాక్షన్ లోపల ఎస్సెమ్మెస్ సేవ జవాబుకు రెండు సెకన్లు ఆగితే, మోయగలిగేది అయిదింటినే. ఆ పనిని ట్రాన్సాక్షన్ బయటకు తీయండి. కమిట్ (ట్రాన్సాక్షన్‌ను ఖరారు చేయడం) తర్వాత దానంతట అదే నడిచే కోడ్‌లో, అంటే లిజనర్‌లో పెడితే సరిపోతుందని చాలామంది భావిస్తారు గాని, అదే థ్రెడ్‌లో (ప్రోగ్రామ్ పని సాగే వరుసలో) నడిచే లిజనర్ ముగిసేవరకు స్ప్రింగ్ కనెక్షన్‌ను పూల్‌కు తిరిగి ఇవ్వదు. కాబట్టి సందేశాన్ని క్యూలో ఉంచి, వేరే థ్రెడ్‌తో పంపించండి.

మరొక సభ్యుని అభ్యంతరం:
అన్ని చోట్లా చిన్న పూల్ సరిపోదండి. మా దగ్గర నెలవారీ నివేదికల క్వెరీలు నిమిషాల తరబడి నడుస్తాయి. నాలుగైదు నివేదికలు ఒకేసారి మొదలైతే బిల్లింగ్ కౌంటర్లు ఆగిపోతాయి. అక్కడ కనెక్షన్‌తో జరిగేది డేటాబేస్ పనే కదా, దేన్ని బయటకు తీయాలి?

విజయవాడ నుంచి:
మీ అభ్యంతరం న్యాయమైనదే. అయినా పెద్ద పూల్ కన్నా, నివేదికలకు రెండు మూడు కనెక్షన్లతో విడి పూల్ ఇవ్వడం మేలు. అప్పుడు నివేదికలు తమలో తాము ఎదురుచూస్తాయి, బిల్లింగ్‌ను ఆపవు.

గుంటూరు మిత్రునికి ఒక్క మాట: నా అనుమానాన్ని నమ్మి కోడ్ మార్చకండి. ముందు పూల్‌ను 10కి తెచ్చి, హికారిలో లీక్ డిటెక్షన్ పరిమితిని 2000 మిల్లీసెకన్లుగా పెట్టండి. అంతకు మించి కనెక్షన్‌ను పట్టుకున్న కోడ్ ఏదో స్టాక్ ట్రేస్‌తో (ఏ కోడ్ దేన్ని పిలిచిందో చూపే జాబితాతో) సహా లాగ్‌లో పడుతుంది. దాన్ని ఇక్కడ పెడితే కలిసి చూద్దాము.