వాదించే వ్యాసం పిల్లలకు ఎలా నేర్పుతున్నారు? మావాళ్లు నినాదాలు దాటి రావట్లేదు

పల్నాడు_టీచరమ్మ:

అందరికీ నమస్తే. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు తెలుగు చెబుతున్నాను. ఒక విషయంలో మీ సలహా కావాలి.

మా పిల్లలు నోటితో వాదిస్తే ఎవరూ గెలవలేరు. బడికి ఫోన్ తెచ్చుకోనివ్వాలా వద్దా అని అడిగితే చాలు, క్లాసు రెండుగా చీలిపోతుంది, బెల్లు కొట్టినా ఆగరు, ఒకళ్ల మాట ఇంకొకళ్లు పట్టుకుని మరీ తిప్పికొడతారు. సరే, ఇదే రాసుకురండి అంటే మాత్రం తెల్లారేసరికి నోటుబుక్కులన్నిట్లో ఒకటే వ్యాసం. "నేటి ఆధునిక యుగంలో సెల్‌ఫోన్ మానవ జీవితంలో ప్రముఖ పాత్ర వహిస్తున్నది. దీనివల్ల ఎన్నో లాభాలు కలవు. అలాగే నష్టాలు కూడా కలవు. కావున దీనిని మంచికే వాడుకుందాం." ముందురోజు బల్ల గుద్ది మాట్లాడిన పిల్ల కూడా ఇదే రాసింది. ఏదో ఒక పక్షం తీసుకో అమ్మా అంటే ఇక నినాదాలు మొదలు: సెల్‌ఫోన్‌ను తరిమికొడదాం, భవిష్యత్తును కాపాడుకుందాం.

చదివినవాళ్ల మనసు మారేలా, కనీసం కాసేపు ఆలోచనలో పడేలా రాయడం ఎలా నేర్పుతున్నారు మీరు? మార్కుల సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఇది వీళ్లకి రావాలి.

ఖమ్మం_సార్:

మేడమ్, ఇందులో పిల్లల తప్పేం లేదు. ఆరో తరగతి నుంచి మనం నేర్పిన వ్యాసం అదే కదా, ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు. అలా రాసేటప్పుడు ఎవరికీ ఏదీ నచ్చజెప్పాల్సిన పనే లేదు.

నేనిప్పుడు టాపిక్ ఇవ్వడం మానేశాను. తేలాల్సిన ఒక విషయం, దాన్ని తేల్చగల మనిషి, ఈ రెండూ ఇస్తాను. "ప్రజా రవాణా ప్రాముఖ్యత" అనను. "సాయంత్రం బడి వదిలాక చాలాసేపటి దాకా మన ఊళ్ల వైపు పల్లెవెలుగు బస్సు లేదు, టైం మార్చమని డిపో మేనేజర్‌కి రాయండి" అంటాను. మొదటిసారి అందరూ "విద్యార్థులు అనేక ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు" అనే రాస్తారు. అక్కడ ఆపి, ఇది చదివి మేనేజర్ గారు ఏమంటారు అని అడుగుతాను. "ఆ టైంకి జనం ఉండరు, డీజిల్ దండగ అంటారు సార్" అని వాళ్లే చెప్తారు. మరి దానికి నీ జవాబేది? అసలు వ్యాసం అక్కడ మొదలవుతుంది.

ఒక బ్యాచ్ పిల్లలు స్టేజీ దగ్గర నిలబడి, ఏ ఊరికి ఎంతమంది ఎదురుచూస్తున్నారు, ఎంతమంది ఆటో ఎక్కుతున్నారు, మనిషికి ఎంత ఇస్తున్నారు అని లెక్క రాసుకొచ్చారు. అందులో ఒకడు, మనవి బస్‌పాసులు కదరా, మనం ఎక్కితే డిపోకి టికెట్ డబ్బులు ఎక్కడివి అని అడ్డం తిరిగాడు. దాంతో మళ్లీ వెళ్లి చూస్తే అదే టైంకి మార్కెట్ నుంచి తిరిగొచ్చే రైతులు కూడా ఆటోల్లోనే పోతున్నారు. వ్యాసంలో ఆ ముక్కని ముందుకు తెచ్చారు. నేను చెప్పిందేమీ లేదు అందులో. అవతలి మనిషి ఏమంటాడో ఊహించగలిగితే ఆధారం కోసం వాళ్లే వెతుక్కుంటారు.

పదో_తరగతి_టెన్షన్:

బాగానే ఉంది సార్, కానీ పరీక్షలో వ్యక్తీకరణ, సృజనాత్మకత కింద వ్యాసం వస్తే దిద్దేవాళ్లకి సైడ్ హెడ్డింగులు కనపడాలి, పాయింట్లు కనపడాలి. మా పాప పదో తరగతి. ఒకే పక్షం తీసుకుని రాస్తే "రెండో వైపు రాయలేదు" అని మార్కులు కోస్తారేమోనని నా భయం. గైడులో ఉన్నట్టు రాస్తే కనీసం సేఫ్ కదా?

రిటైర్డ్_మాస్టారు:

అమ్మా, వాదించే వ్యాసంలో రెండో వైపు తప్పకుండా ఉంటుంది. ఉండాలి కూడా. మన శాస్త్ర గ్రంథాల పద్ధతే అది, ముందు పూర్వపక్షం, అంటే అవతలివాడి వాదన, అదీ వాడే చదివి అవును నేను అనేది ఇదే అని ఒప్పుకునేంత బాగా చెప్పాలి, ఆ తర్వాతే మన సిద్ధాంతం. కాబట్టి మీ పాపకి మార్కుల భయం అక్కర్లేదు. "లాభాలు", "నష్టాలు" అనే సైడ్ హెడ్డింగుల బదులు "కాదనేవారి మాట", "దానికి జవాబు" అని పెట్టుకోమనండి. పాయింట్లూ కనపడతాయి, పక్షమూ తేలుతుంది.

టీచరమ్మ గారికి ఒక మాట. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి తెలుగు భాషా దినోత్సవమని బడుల్లో వ్యాసరచన పోటీలు పెడతాం. పిల్లలు తెలుగు తీయన, తెలుగు కమ్మన అని రాసి బహుమతులు తీసుకుంటారు. ఆ మహానుభావుడు వాదించిన తీరు మాత్రం ఎవరూ చెప్పరు, అది నాకు చాలా బాధ. బడి పుస్తకాల్లో గ్రాంథికమే ఉండాలని పండితులు పట్టుబట్టినప్పుడు ఆయన వాడుకభాష అందంగా ఉంటుందని పొగుడుతూ కూర్చోలేదు. ఆ పండితులు రాసిన గ్రాంథికంలోంచే, వాళ్లు నమ్మిన వ్యాకరణం ప్రకారమే తప్పులైన ప్రయోగాలు ఏరి ముందు పెట్టారు. మీ అంతటివారికే తప్పు లేకుండా రాయడం కుదరని భాష బడిపిల్లలకి ఎలా కుదురుతుందన్నది దాని సారం. అవతలివాళ్ల రాతల్లోంచే ఆధారం తీసుకుంటే ఇక కాదనడానికి వాళ్లకి దారేదీ?

వీరేశలింగం గారిదీ అదే దారి. 1879లో వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు, ఎదుటివాళ్లు శాస్త్రం ఒప్పుకోదంటున్నారు కాబట్టి ఆయన శాస్త్రంలోకే దిగారు. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చేసినట్టే పరాశర స్మృతిలో ఉన్న అనుమతిని ఎత్తిచూపారు. చిన్నపిల్లల వైధవ్యం ఎంత ఘోరమో చెప్పి కన్నీళ్లు పెట్టించడం సులువే, కానీ శాస్త్రమే ప్రమాణం అన్నవాడికి అదొక్కటే జవాబు కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి పెళ్లి జరిపించేదాకా ఆయనకి ఎదురైన అడ్డంకులు అన్నీ ఇన్నీ కావు, వాదన గెలిచినంత మాత్రాన ఊరు మారిపోదని కూడా పిల్లలకి చెప్పండి. అయినా వాళ్లకి అర్థం కావాల్సింది ఒకటుంది. మనకి నచ్చిన కారణం వేరు, ఎదుటివాడు ఒప్పుకోక తప్పని కారణం వేరు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ తేడా బాగానే తెలుస్తుంది, ఇంట్లో సినిమాకి డబ్బులు అడిగేటప్పుడు అమ్మ దగ్గర ఒకలా, నాన్న దగ్గర ఒకలా మాట్లాడేది వాళ్లే కదా.

కాలిఫోర్నియా_అమ్మ:

మా బాబు ఇక్కడ ఏడో తరగతి. ఏ తరగతి పిల్లలకి ఏం రావాలో చెప్పే ఇక్కడి కామన్ కోర్ ప్రమాణాల్లో ఆరో తరగతి నుంచే వాదన, దానికి కారణాలు, ఆధారాలు రాయాలి, ఏడుకి వచ్చేసరికి అవతలి వాదన కూడా ప్రస్తావించాలి. ఇక్కడ మాత్రం అంతా బాగుందని చెప్పను. ఒక మూసలో పడి "కొందరు ఇలా అంటారు, కానీ అది సరికాదు" అని ఒక్క వాక్యంతో తేల్చేస్తారు. వాడి టీచరు దానికి చేసే పని నాకు నచ్చింది. సగం రాశాక ఇద్దరిద్దరు పిల్లల చేత కాగితాలు మార్పిస్తారు, ఒకరి వ్యాసానికి ఇంకొకరు ఎదురువాదన రాసి తిరిగి ఇవ్వాలి. తన వ్యాసానికి పక్కవాడు రాసిన ఎదురువాదన చూసి మావాడు సాయంత్రమంతా గింజుకున్నాడు. రెండో డ్రాఫ్ట్ అసలు వేరే మనిషి రాసినట్టు వచ్చింది.

పల్నాడు_టీచరమ్మ:

మాస్టారూ, గిడుగు వారి సంగతి ఇలా ఎవరూ చెప్పలేదు, ఈ ఆగస్టుకి ఇదే చెబుతాను. ఖమ్మం సార్ చెప్పినట్టు ఈ వారం ఫోన్ విషయాన్నే హెడ్మాస్టరు గారికి రాయమన్నాను. అదే బల్ల గుద్దిన పిల్ల ఇప్పుడు రాసింది చూడండి:

"ఫోన్ చేతికిస్తే రీల్స్ చూస్తారని మీరంటారు. నిజమే సార్, చూస్తాం. అందుకే తరగతిలోకి వద్దు. కానీ ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడుతుంది, ఆటో దొరక్కపోతే ఇంటికి చెప్పడానికి మాకు వేరే దారి లేదు. పొద్దున ఆఫీసు రూములో ఇచ్చేసి సాయంత్రం తీసుకుంటాం. పోతే ఎవరిది బాధ్యత అంటే"

అక్కడ ఆగిపోయింది, జవాబు దొరకలేదట. క్లాసంతా దాని మీద పడ్డారు, పేరు రాసిన కవరు, రిజిస్టరులో సంతకం, ఇంటి నుంచి ఒప్పుకోలు కాగితం అని తలా ఒకటి చెప్పారు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఇక నా కష్టం దిద్దడం. రెండు సెక్షన్లు, ఒక్కొక్కరివి రెండు డ్రాఫ్టులు. ఒత్తులు, దీర్ఘాలు, వాక్య దోషాలు అన్నీ దిద్దుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మీరెలా నెట్టుకొస్తున్నారు?

ఖమ్మం_సార్:

మొదటి డ్రాఫ్ట్‌లో అక్షర దోషాల జోలికి పోకండి మేడమ్. ఎర్ర గీతలు కనపడగానే పిల్లలు వాటిని మాత్రమే సరిచేసి మిగతాది అలాగే దించేస్తారు. నేను వ్యాసం మొత్తం చదివి కింద ఒకే ఒక్క ప్రశ్న రాస్తాను, అదీ ఆ చదివే మనిషి గొంతుతో. మీ పిల్ల వ్యాసం కింద అయితే "ఆఫీసు రూముకి తాళం వేసి క్లర్కు గారు సెలవులో ఉంటే ఆ రోజు ఏం చేస్తారు?" అని రాసేవాణ్ణి. ఒత్తులు, దీర్ఘాలు రెండో డ్రాఫ్ట్‌లో చూడండి, అప్పటికి సగం వాళ్లే దిద్దుకుని ఉంటారు. ఇంకొకటి, ఆ ఉత్తరాల్లో బాగా వచ్చినవి రెండు మూడు నిజంగానే హెడ్మాస్టరు గారి చేతికి ఇప్పించండి. ఆయన ఒప్పుకున్నా సరే, కుదరదన్నా సరే, ఎందుకో రెండు ముక్కలు రాసి పంపమని అడగండి. ఆ కాగితం క్లాసులో చదివితే రేపటి పాఠం అదే.