కాఫీ కాయ బొడ్డు మీద సూదిబెజ్జం

పొట్టంగి తోట:
అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా పొట్టంగి దగ్గర కొండవాలు. తాతల నాడు సాలూరు నుంచి ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. సిల్వర్ ఓక్ నీడలో రెండెకరాల అరబికా, ఓకు మానులకు మిరియం తీగలు.

నిన్న అమ్మ ఒక గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇటు చూడరా, బొడ్డు దగ్గర సూదితో పొడిచినట్టు లేదూ?" అంది. కాయ చీల్చి చూశాను. గింజలో పొడి, ఆవగింజంత నల్లపురుగు ఒకటి, తెల్లటి పిల్లపురుగులు రెండు. చీకటి పడేదాకా తోటంతా తిరిగాం. పాక పక్క వరసలో మూడు మొక్కలకే ఉంది. పోయినేడు ఒక షావుకారు ఇచ్చిన పాత గోనె సంచులు ఆ పాకలోనే పడేశాం.

2025లో అరకు తోటల్లో కనబడిందన్న పురుగు ఇదేనా? కాండం తొలిచేదా? అమ్మ పెళ్ళయి వచ్చిన ఏడు తన చేత్తో నాటిన మొక్కలివి. నరికెయ్యమంటే నాకు చేతులు రావు. నెలలో కోత. ఏం చెయ్యమంటారు?

గునుపూర్ పత్తి:
తమ్ముడూ, ఆలస్యం చెయ్యకు. పత్తిలో పురుగు కనబడితే మేం వెంటనే మందు కొట్టేస్తాం. రేపే ట్యాంకు ఎత్తు.

నందపూర్ మేస్త్రి:
బాబూ, మందు కొట్టకు, చెట్టూ నరకకు. కొడగు ఎస్టేట్లలో ఇరవై ఏళ్ళు మేస్త్రీగా చేసి వచ్చాను, ఈ పురుగుతోనే గడిపాను. ఇది కాయ తొలిచే బెర్రీ బోరర్. కాండం తొలిచేదైతే బెరడు గట్లు గట్లుగా లేస్తుంది, మొక్క పసుపెక్కి వాడిపోతుంది. అది మన దేశంలో పాతదే. ఇది ఆఫ్రికాది, 1990లో నీలగిరుల్లో గూడలూరు దగ్గర మొదట బయటపడింది.

తల్లి పురుగు బొడ్డు దగ్గర తొలుచుకుని గింజలోకి పోయి అక్కడే గుడ్లు పెడుతుంది. లోపలున్నదానికి మందు ఎలా తగులుతుంది? మగవి ఎగరలేవు, పుట్టిన కాయలోనే చస్తాయి. ఆడవి ఆ కాయలోనే జతకట్టి, బయటికొచ్చి కొత్త కాయ వెతుక్కుంటాయి. కోతయ్యాక కొమ్మకు ఎండి వేలాడే కాయ, ఆకుల కింద రాలిన కాయ, వచ్చే పంటదాకా వాటి ఇల్లు అదే. ఆ ఇల్లు లేకుండా చెయ్యాలి.

బెజ్జం పడ్డ కాయలు, పచ్చివైనా సరే, ఇవాళే కోసెయ్యి. తోట దాటించకు. అక్కడే పొయ్యి పెట్టి, మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచి ఎండబెట్టు. కోతప్పుడు మొక్క కింద టార్పాలిన్ పట్టా పరుచు. చివరి కోత అయ్యాక మళ్ళీ ఒకసారి వంగి, రాలిన కాయ ఒక్కటి మిగలకుండా ఏరించు. ఈ ఏరుడు కూలి దండగనుకున్న తోటల్లోనే మరుసటేడు తొట్టి నీళ్ళలో పోసిన గింజ, పురుగు తొలిచి డొల్లయి, తేలిపోవడం కళ్ళారా చూశాను. పార్చ్‌మెంట్‌ను, అంటే పండు తొక్క తీసి కడిగిన పొట్టు గింజను, 10 శాతం తేమకు ఎండబెడితే నిల్వలో పురుగు పెరగదు. ఆ పాత సంచులు కూడా మరిగే నీళ్ళలో వెయ్యి. కాఫీ బోర్డు వాళ్ళకు మాత్రం తప్పకుండా చెప్పు, దాచొద్దు.

జయపూర్ విద్యార్థి:
అడవుల కోర్సు చదువుతున్నాను. పైన్ చెట్లను చంపే బెరడు పురుగులూ ఇదీ ఒకే కుటుంబం. ఉత్తర అమెరికాలో రెడ్ టర్పెంటైన్ బీటిల్ అనే బెరడు పురుగు ఎక్కువగా నీరసించిన చెట్లనే పట్టేది. 1998లో చైనాలోని షాన్‌షీలో బయటపడ్డాక బతికున్న పైన్‌లనే లక్షల్లో చంపింది. దిగుమతి దుంగల్లో వచ్చి ఉంటుందంటారు. అక్కడ దుంగ, ఇక్కడ గోనె సంచి. అన్నా, కుందులి సంతలో పాత సంచులు కొనేవాళ్ళందరికీ ఈ మాట చెప్పాలి.

పొట్టంగి తోట:
మేస్త్రీ గారూ, మీ మాట చదివి వినిపించగానే అమ్మ పాక దగ్గరే పెద్ద కాగు పెట్టించింది. మూడు మొక్కలూ అయ్యాయి, పక్క వరస కూడా చూశాం. సంచులు ఉడుకుతున్నాయి. పై గట్టు తోట పరజా తెగకు చెందిన ఒక అన్నది, రెండేళ్ళుగా కోత మానేశాడు. కొమ్మల నిండా ఎండుకాయే. రేపు పొద్దున్నే వెళ్ళి ఇక్కడి వాళ్ళ భాష దేశియాలో నచ్చజెబుతాను. ఒప్పుకుంటే ఆ కాయ మేమే ఏరిపెడతాం, కూలి అడగం.