డీజిల్ సబ్‌మెరైనా, అణు సబ్‌మెరైనా: ఏది దొరకదు?

మూడులాంతర్లు (విజయనగరం):
మొన్న ఇక్కడ ఒకరు "అణు సబ్‌మెరైన్ల ముందు డీజిల్‌వి పాత సామాను, చప్పుడుకే దొరికిపోతాయి" అని రాశారు. నేనొప్పుకోను. డీజిల్ సబ్‌మెరైన్ నీటి కింద బ్యాటరీ మీద నడుస్తుంది. అప్పుడు తిరిగే పెద్ద యంత్రం మోటారొక్కటే. అణు సబ్‌మెరైన్‌లో పంపులు, ఆవిరి టర్బైన్లు, గేర్లు తిరుగుతూనే ఉండాలి. అమెరికా 2005లో స్వీడన్ నుంచి గోట్లాండ్ అనే సబ్‌మెరైన్‌ను అద్దెకు తెచ్చుకున్నది ఎందుకనుకున్నారు? విన్యాసాల్లో అది రోనాల్డ్ రీగన్ విమానవాహక నౌక రక్షణ వలయాన్ని దాటి లోపలికి వచ్చేసింది.

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం):
అన్నా, గోట్లాండ్ మామూలు డీజిల్ కాదు. దాంట్లో ద్రవ ఆక్సిజన్‌తో, బయటి గాలి లేకుండానే నడిచే స్టిర్లింగ్ ఇంజన్ ఉంది. మామూలుది బ్యాటరీ అయిపోతే పైకొచ్చి, గాలి పీల్చే శ్నార్కెల్ గొట్టం నీటి పైకి ఎత్తి డీజిల్ స్టార్ట్ చెయ్యాల్సిందే. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ లోపలికెళ్ళి చూడండి, మూడు డీజిల్ ఇంజన్లు. అవి మోగుతుంటే ఎంత దూరం వినబడుతుందో ఆలోచించండి. పైగా గొట్టం రాడార్‌కీ దొరుకుతుంది.
ఇంకోటి. 2009 ఫిబ్రవరిలో అట్లాంటిక్‌లో బ్రిటన్ వాన్‌గార్డ్, ఫ్రాన్స్ ల త్రియోంఫాన్ నీటి కింద గుద్దుకున్నాయి. రెండూ అణు సబ్‌మెరైన్లే. ఒకదాని చప్పుడు ఇంకోదానికి వినబడి ఉంటే గుద్దుకునేవా?

ఇంజన్‌రూమ్_మాస్టారు (బొబ్బిలి):
బాబూ, ఇద్దరూ ఇంజన్ దగ్గరే ఆగిపోయారు. వేగం పెరిగాక ఎక్కువగా పట్టించేది ప్రొపెల్లర్. అది జోరుగా తిరిగితే రెక్క ఒక పక్కన ఒత్తిడి పడిపోయి, చల్లటి నీరే అక్కడికక్కడ ఆవిరి బుడగలైపోతుంది. ఆ బుడగలు చితికినప్పుడు పుట్టే చిటపటే క్యావిటేషన్. శబ్దంతో సబ్‌మెరైన్లను వెతికే సోనార్‌వాడికి అంతకంటే ఏం కావాలి? లోతుకెళ్తే నీటి ఒత్తిడి ఆ బుడగల్ని పుట్టనివ్వదు. అందుకే పైన పది నాట్ల వేగానికే (గంటకు సుమారు 18.5 కి.మీ.) మొదలయ్యే చప్పుడు, కింద అదే వేగంలో ఉండకపోవచ్చు. కొడవలిలా వంగిన ఏడు రెక్కల పెద్ద ప్రొపెల్లర్‌ని నెమ్మదిగా తిప్పడం కూడా దీనికోసమే. ఆ రెక్కల్ని నునుపుగా చెక్కే మిషన్లు సోవియట్లకు అమ్మినందుకు 1987లో తోషిబా కంపెనీ మీద అమెరికాలో ఎంత గొడవైందో!
తర్వాతది కంపనం. టర్బైన్లు, పంపులు అన్నీ ఒక పెద్ద చట్రం మీద, రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు. పైపుల మధ్య మెత్తటి జాయింట్లు వేస్తారు. లేకపోతే లోపలి అదురంతా గోడ పట్టుకుని సముద్రంలోకి పోతుంది. బయట రబ్బరు పలకలు అవతలివాడి సోనార్ శబ్దాన్ని మింగేస్తాయి. కొన్ని రియాక్టర్లలో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు పంపులు కూడా ఆపేస్తారు, వేడి నీరు తనంతట తనే తిరుగుతుంది. కాబట్టి అణుది ఎప్పుడూ మోగుతుందన్న మాట నిలవదు.

గంగమ్మబిడ్డ (భావనపాడు):
మాస్టారూ, సముద్రం సంగతి వదిలేశారు. మాది వేటోళ్ళ కుటుంబం. వరదలప్పుడు నదుల మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలే ఉంటాయి, తొందరగా కలవవు. బంగాళాఖాతంలో ఆ పొర చాలా దూరం పరుచుకుంటుంది. ఉప్పు, వేడి మారిన చోట శబ్దం వంగిపోతుంది. ఆ పొర కింద ఉన్నోడు పైనున్న ఓడకి సరిగ్గా వినబడడు. ఒడ్డు దగ్గరైతే బోట్ల ఇంజన్లు, రొయ్యల చిటపటలు. ఇలాంటి చోట చిన్న డీజిల్‌దే పైచెయ్యని నా మాట.

మూడులాంతర్లు (విజయనగరం):
నేననేదీ అదే. క్షిపణులు మోస్తూ సముద్రం మధ్య ఎక్కువ కాలం దాక్కోవాలంటే అరిహంత్ లాంటి అణు సబ్‌మెరైనే కావాలి, కాదనను. నేనడిగేది తీరం కాపలా గురించి. 2017లో కల్వరి అనే డీజిల్ సబ్‌మెరైన్ మన నౌకాదళంలో చేరినప్పుడు, గోట్లాండ్‌లో లాగా బయటి గాలి అక్కర్లేకుండా నడిపించే ఏఐపీ ఏర్పాటు దాంట్లో లేదు. వంశధార తమ్ముడూ, ఏఐపీ ఉంటే రోజుల తరబడి శ్నార్కెల్ ఎత్తక్కర్లేదు. అప్పుడు నీ అభ్యంతరాల్లో ఇంకేం మిగులుతుందో చెప్పు.