సినిమాల్లో తుపాకీ, పులి, వేట: ఇంత తప్పుగా చూపించడం అవసరమా?

రాత్రిపిట్ట:
సినిమా అన్నాక కాస్త అతి ఉంటుంది, అది ఓకే. హీరో కొడితే పదిమంది గాల్లో తేలినా నాకేం అభ్యంతరం లేదు, అది అబద్ధమని తీసేవాడికీ తెలుసు చూసేవాడికీ తెలుసు. నా గోల వేరే. కొన్ని తప్పులు ఎన్నిసార్లు రిపీట్ అయ్యాయంటే జనం వాటినే నిజం అని ఫిక్స్ అయిపోయారు. మత్తు ఇంజెక్షన్ తుపాకీనే తీసుకోండి. సూది గుచ్చుకోవడం ఆలస్యం పులి దబ్బున పడిపోతుంది. నిజంగా అయితే ఆ మందు కండలోంచి రక్తంలోకి ఎక్కాలి, మామూలుగా 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది, ఈలోపు ఆ జంతువు ఊరికే నిలబడదు కదా, పరిగెత్తుతుంది, నీళ్ళలోకి దిగుతుంది, బెదిరిపోయి మనుషుల మీదకి కూడా వస్తుంది. డోసు బరువుని బట్టి వెయ్యాలి, ఎక్కువైతే ప్రాణమే పోతుంది, తక్కువైతే పడదు. ఇవేవీ తెలియకే చిరుత ఇళ్ళ మధ్యకి వచ్చినప్పుడు జనం చుట్టూ మూగి, ఒక సూది వేసి పడుకోబెట్టొచ్చుగా ఏం చూస్తున్నారు అని అటవీ సిబ్బంది మీద అరుస్తారు.

ఫస్ట్‌షో బ్యాచ్:
అన్నా 15 నిమిషాలు పులి వెనకాల కెమెరా పట్టుకుని తిరిగితే ఇంటర్వెల్ వచ్చేస్తుంది 😄 సీరియస్‌గా చెప్తున్నా, సినిమాలో కోర్టు కేసు రెండు వాయిదాల్లో తేలిపోతుంది, ఆపరేషన్ అయిన పేషెంట్ సాయంత్రానికి డైలాగులు చెప్తాడు, వాటిని ఎవరూ అడగరు, తుపాకీ దగ్గరకి వచ్చేసరికి అందరూ సైంటిస్టులైపోతారు. తూటా తగిలి విలన్ వెనక్కి ఎగిరిపడితే అది కూడా తప్పే అంటారా ఇప్పుడు?

లెక్కలమాస్టారు:
తప్పే అంటాం బాబూ, లెక్క చాలా చిన్నది. రైఫిల్ తూటా 10 గ్రాములు, వేగం సెకనుకి 800 మీటర్లు అనుకోండి. అది 80 కిలోల మనిషికి తగిలి లోపలే ఆగిపోయినా ఆ మనిషికి వచ్చే వేగం సెకనుకి 10 సెంటీమీటర్లు. ఎగరడం కాదు కదా, అడుగు తడబడటానికి కూడా సరిపోదు. పైగా కాల్చినవాడికీ వెనక్కి అంతే తోపుడు ఉంటుంది, తగిలినవాడు ఎగిరితే కాల్చినవాడూ ఎగరాలి మరి.

తుపాకీ మూతికి తగిలించి మోత తగ్గించే సైలెన్సర్ సంగతి ఇంకా ఘోరం. తుపాకీ మోత దాదాపు 140 నుంచి 165 డెసిబెల్స్, మంచి సైలెన్సర్ తగ్గించేది ఒక 20 నుంచి 35, ఇంకా వంద పైనే మిగులుతుంది. అంటే పక్క గదిలో వాళ్ళు నిద్రలేవకుండా పని ముగించుకుని రావడం కుదరదు. తూటా ధ్వని కంటే వేగంగా పోయేదైతే గాల్లో దాని చప్పుడు వేరే, అది సైలెన్సర్ ఆపలేదు. రివాల్వర్‌కి సైలెన్సర్ తగిలించడం అయితే మరీ కామెడీ, తూటాలుండే సిలిండర్‌కీ, ముందున్న గొట్టం బారెల్‌కీ మధ్య సందులోంచే మోత బయటికి వస్తుంది. నాగాంట్ ఎం1895 అని పాత రష్యన్ రివాల్వర్ ఒకటి ఉంది, దాంట్లో సిలిండర్ ముందుకి జరిగి ఆ సందు మూసేస్తుంది కాబట్టి దానికి పనిచేస్తుంది. సినిమాల్లో కనిపించేది మాత్రం అది కాదు.

ఇవన్నీ చూసి నవ్వుకుని వదిలేస్తా. వదల్లేనిది ఒక్కటే, ట్రిగ్గర్ మీద వేలు పెట్టుకుని ఫ్రెండ్ వైపు బారెల్ తిప్పి జోకులు వేసే సీన్లు. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే నటుడు సెట్లో సరదాకి బ్లాంక్ (తూటా లేకుండా తుపాకీ మందు, దాన్ని మూసే అట్టముక్క మాత్రమే ఉండేది) నింపిన రివాల్వర్ కణతకి పెట్టుకుని నొక్కాడు. అందులో తూటా లేదు, అయినా ఆ దగ్గర్లో గ్యాసు, అట్టముక్క దెబ్బకే పుర్రె పగిలింది, బతకలేదు. తుపాకీతో రోజూ షూటింగ్ చేసేవాళ్ళకే ఈ సంగతి తెలియలేదు, చూసేవాళ్ళకి ఎక్కడ తెలుస్తుంది.

సౌండ్‌బాక్స్:
నేను ఎడిటింగ్ రూమ్ వైపు మనిషిని, ఇంకో కోణం చెప్తా. గన్ అసలు సౌండ్ రికార్డు చేసి యథాతథంగా వేస్తే టపాకాయలా ఉంటుంది, డైరెక్టరే ఒప్పుకోడు, అందుకే దానికింద నాలుగైదు బరువైన శబ్దాలు కలుపుతాం. పక్షులదీ అంతే. బాల్డ్ ఈగిల్ అనే అమెరికా గద్ద గొంతు నిజానికి సన్నగా కిచకిచలాడినట్టు ఉంటుంది, తెర మీద మీరు వినే ఆ కేక ఎక్కువగా రెడ్ టెయిల్డ్ హాక్ అనే వేరే పక్షిది. ఆఫ్రికా అడవి అని చూపించే పాత హాలీవుడ్ సినిమాల్లో ఆస్ట్రేలియా పక్షి కూకబుర్రా నవ్వుతూ ఉంటుంది. ఒకసారి చెవికి అలవాటైపోయాక అసలు గొంతు వేస్తే ఫేక్‌లా ఉందంటారు. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

రాత్రిపిట్ట:
అలవాటు చేసింది మీరే కదండీ 🙂 పక్షి గొంతు మారితే నష్టం లేదు, అది వదిలేద్దాం. వేట సీన్ల సంగతి చూడండి. పులి దూకే ముందు పెద్దగా గాండ్రిస్తుంది, ఎందుకు? పొంచి ఉండి చప్పుడు లేకుండా దగ్గరకి చేరడమే దాని వేట, గాండ్రింపు తన హద్దు చాటుకోవడానికీ జోడీని పిలుచుకోవడానికీ. వేటగాడేమో గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా దుప్పి వెనక నడుస్తాడు, వాసనకే అది ఎప్పుడో పారిపోవాలి. ఇక ఒక్క తూటాకి నిలుచున్నచోటే కూలిపోవడం. గుండెలో తగిలిన దుప్పి కూడా చాలాసార్లు వంద మీటర్ల దాకా పరిగెత్తి పడిపోతుంది, గురి తప్పి పొట్టలో తగిలితే గంటలు పడుతుంది, తెలిసినవాళ్ళు వెంటనే వెంటపడకుండా ఆగి తర్వాత నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెళ్తారు. ఆ గాయపడిన జంతువు బాధ తెర మీద ఎప్పుడూ ఉండదు, వేట అంటే శుభ్రమైన పని అనిపిస్తుంది.

ప్రభావం లేదనేవాళ్ళకి జాస్ చాలు. 1975లో ఆ సినిమా వచ్చాక సొరచేపలంటే జనానికి పట్టుకున్న భయం చూసి, ఆ నవల రాసిన పీటర్ బెంచ్‌లీయే తర్వాత సముద్రాల రక్షణ కోసం ప్రచారం చేశాడు.

ఫస్ట్‌షో బ్యాచ్:
ఆ లెక్కన డాక్యుమెంటరీలని ముందు పట్టుకోవాలి. 1958లో డిస్నీ తీసిన వైట్ వైల్డర్‌నెస్‌లో లెమ్మింగ్‌లు (ఎలుకల్లాంటి చిన్న జంతువులు) గుంపుగా సముద్రంలోకి దూకి చచ్చిపోయినట్టు చూపించారు కదా, అది తీసింది కెనడాలోని ఆల్బర్టాలో, అక్కడ సముద్రమే లేదు, బయటినుంచి తెచ్చిన లెమ్మింగ్‌లని వాళ్ళే గట్టు మీంచి తోశారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఇది నిజం అని చెప్పి అబద్ధం చూపించడం మోసం. కథా సినిమా ఆ మాట ఎప్పుడూ ఇవ్వలేదు, టికెట్ మీదే కల్పితం అని రాసినట్టు లెక్క.

రాత్రిపిట్ట:
డాక్యుమెంటరీ మోసం పెద్దదే, ఒప్పుకుంటా. అయితే చూసేవాడి బుర్రలో ఇది కథ, ఇది నిజం అని రెండు అరలు ఉండవు, అన్నీ కలిసిపోతాయి. ఇంకోటి, మీరంతా నిజం అంటే బోర్ అనుకుంటున్నారు. సూది గుచ్చుకుంది, పులి ఇంకా పడలేదు, పొదలోకి వెళ్ళింది, పది నిమిషాలు ఎటునుంచి వస్తుందో తెలియదు. దీనికంటే టెన్షన్ ఏం కావాలి? నూటయాభై ఏళ్ళ కిందటి కథలో హీరో దగ్గర బారెల్ మూతిలోంచి మందు కూరే తుపాకీ ఉంటే, ట్రైనింగ్ ఉన్న సైనికుడికే ఒక్కో రౌండుకి 20 సెకన్లు పట్టేది, పేల్చగానే తెల్లటి పొగ కమ్మేసి ఎదురుగా ఏముందో కనపడేది కాదు. ఒకటే తూటా, ముందు పొగ, పొగ అవతల పులి. వాళ్ళేమో అదే తుపాకీతో టకటకా ఆరుసార్లు పేల్పిస్తారు.

ఫస్ట్‌షో బ్యాచ్:
ఈ సీన్‌కి నేను టికెట్ కొంటా, కానీ మీరు చెప్పింది తప్పులు దిద్దడం కాదు, సీన్ బాగా రాయడం. చెత్తగా రాసేవాడికి తుపాకీల పుస్తకం మొత్తం బట్టీ పట్టించినా 20 సెకన్లు హీరో మందు కూరుకుంటూ కూర్చుంటాడు, మనం ఫోన్ చూసుకుంటాం.