నింబా కొండ గోదురు కప్పను శిశోత్పాదకం అనొచ్చా?

భేకశాస్త్రి:
గినీ, ఐవరీ కోస్ట్ సరిహద్దులోని నింబా కొండల మీద, 1,200 మీటర్లు దాటాక వచ్చే గడ్డినేలల్లో ఉంటుందీ చిన్న గోదురు కప్ప. నీళ్లలో గుడ్లు పెట్టదు, ఏకంగా కప్పపిల్లల్నే కంటుంది. అంతమాత్రాన శిశోత్పాదకం, అంటే తల్లి ఒంటి నుంచే పిల్లకు తిండి అందే రకం, అనేస్తే ఎలా? జరాయువే (మాయే) లేదు కదా. అండశిశోత్పాదకం అంటే చాలు.

సొనలెక్క:
చూడాల్సింది జరాయువు కాదండీ, సొన. అండశిశోత్పాదకంలో పిల్ల తల్లి కడుపులో ఉన్నా తినేది గుడ్డులోని సొనే. టాంజానియా కొండల్లోని నెక్టోఫ్రినాయిడిస్ టోర్నియరి అనే గోదురు కప్ప చేసేది అదే. నింబా కప్ప గుడ్డు అర మిల్లీమీటరు పైచిలుకు, సొన నామమాత్రం. పుట్టే పిల్ల మాత్రం 7 మిల్లీమీటర్ల పైమాటే. ఆ ఒళ్లంతా ఎక్కణ్నుంచి వచ్చింది? గర్భాశయం గోడలు స్రవించే ద్రవాన్ని పిండాలు నోటితోనే తాగుతాయి. ఒకప్పుడు ఈ రెండు కప్పల్నీ ఒకే ప్రజాతిలో వేశారు, 1980ల్లో విడదీశారు. తికమకంతా ఆ పాత వర్గీకరణదే.

తడిమట్టి:
సొన లెక్క సరే, కానీ తొమ్మిది నెలలూ తల్లి ఒకేలా మేపుతుందనుకోవద్దు. సెప్టెంబరు, అక్టోబరుల్లో జతకడతాయి. ఫలదీకరణ ఒంట్లోనే, మగదానికి ప్రత్యేక అవయవం లేదు, అవస్కరాలు (మలమూత్రాలకూ సంతానానికీ ఉన్న ఉమ్మడి ద్వారాలు) ఆనించుకోవడమే. నవంబరుకు వానలు వెనకబడితే కప్పలు నేల పగుళ్లలోకి దిగిపోతాయి. అక్కణ్నుంచి పిండం ఎదుగుదల నత్తనడక. అలా అణచిపెట్టేది అండాశయంలో గుడ్డు విడుదలయ్యాక మిగిలే కార్పస్ లూటియం అనే కణజాలం వదిలే ప్రొజెస్టిరాన్ హార్మోను. ఏప్రిల్ వానలకు తల్లి పైకొచ్చి మేత మొదలెట్టాకే అసలు పెరుగుదల. జూన్‌లో కాన్పు.

భేకశాస్త్రి:
అంటే మొదట సొన, చివర్లో తల్లి. రెండూ కలిసిన బాపతేగా?

సొనలెక్క:
ఎదుగుదల మందగించడం వేరు, సొనతో బతకడం వేరు. ఆల్ప్స్ నల్ల సాలమాండర్ (తోకున్న ఉభయచరం) చూడండి. పిల్లలు రెండు మూడేళ్లు కడుపులోనే ఉండి, ముందు సొన, తర్వాత తోటి గుడ్లు, ఆపైన గర్భాశయపు కణాలు తింటాయి. జరాయువు దానికీ లేదు. కలిసిన బాపతంటే అదీ!

గడ్డిదుబ్బు:
మాటల పట్టింపులో సంఖ్య మరిచిపోతున్నారు. మామూలు గోదురు కప్ప దండలుగా వేలల్లో గుడ్లు పెడుతుంది. దీనికి కాన్పుకు 4 నుంచి 17 పిల్లలే. పగుళ్లలో దాక్కున్న తల్లి పోతే ఆ ఏటి సంతానమంతా పోయినట్టే. ఇనుప ఖనిజం కోసం శిఖరాల మట్టి తవ్వడం దీనికి అంత చేటు అందుకే. ఆ నింబా కొండల అభయారణ్యం 1992 నుంచి ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో ఉంది.

భేకశాస్త్రి:
సరే, జరాయువు వాదన వదిలేశాను. ఏ ప్రాణి ఎలా పిల్లల్ని కంటుందో రాసే పట్టికలో మాత్రం 'సొన తిండి', 'తల్లి తిండి' అని రెండు గడులు పెట్టండి. లేదంటే రేపు ఇంకొకరొచ్చి ఇదే అడుగుతారు.