చర్చ: దగ్గరి బంధువుల పెళ్లిలో ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు ఎంతసేపు ఉండాలి?

రెండో వరస కుర్చీ

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, ఏటా వచ్చే తగువే మళ్ళీ వచ్చింది. ఆటిజం ఉన్న మనిషి, వయసు 25 అనుకోండి, 35 అనుకోండి. చిన్నాన్న కూతురి పెళ్లి. ఇంట్లో కొందరు "పెళ్లికూతుర్ని చేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఉండాల్సిందే, ఉండగా ఉండగా అదే అలవాటవుతుంది" అంటారు. కొందరు "నాలుగు అక్షింతలు వేసి వచ్చేస్తే చాలు" అంటారు. నా పక్షం ముందే చెప్పేస్తున్నా: గంటన్నర, అదీ ముందే మాట్లాడుకున్న గంటన్నర. పసిపిల్లల సంగతి ఇక్కడ వద్దు. సొంత కథలు కూడా వద్దు, పనికొచ్చేవి రాయండి.

గోదారి గట్టు

గంటన్నరంటే చుట్టపుచూపు కన్నా తక్కువ అండి. అమ్మానాన్నా పోయాక జ్వరమొస్తే ఎవరు రావాలి? బ్యాంకుకి తోడు ఎవరెళ్ళాలి? పెదనాన్న కొడుకో, మేనత్త కూతురో. వాళ్ళు ఈ మనిషిని చూసేది పెళ్లిళ్ళలోనూ చావుల్లోనూ. రెండు పెళ్లిళ్ళలో కనపడకపోతే మూడోసారి శుభలేఖ ఇచ్చేటప్పుడు "అతను రాడులే" అనేస్తారు. అలా అనిపించుకోవడం సుళువు, మళ్ళీ చెరుపుకోవడం కష్టం. కష్టమైనా మూడు రోజులూ ఉండాలనే అంటాను.

చెవిదూది

గోదారి గట్టు గారి భయం నిజమే, మందు మాత్రం తప్పు. "ఉండగా ఉండగా అలవాటవుతుంది" అన్నది ఇక్కడ పనిచేయదు. మామూలుగా ఒకే శబ్దం మళ్ళీ మళ్ళీ వింటే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందిలో ఆ పక్కన పెట్టడం సరిగా జరగదు. మూడో గంటలో డోలు మొదటి గంటలో ఉన్నంత గట్టిగానే ఉంటుంది, మనిషి ఓపిక మాత్రం అయిపోయి ఉంటుంది.

అసలు మామూలు చెవే దెబ్బతినకుండా ఎంతసేపు వినొచ్చో లెక్క ఇది: 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సగం. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. రేకుల కప్పున్న ఫంక్షన్ హాల్లో స్పీకర్ పక్కన కూర్చుంటే ఆ పావుగంట ఎప్పుడు దాటిందో కూడా తెలియదు. చట్టాన్ని నమ్ముకోకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని ఉంది గానీ, మూసి ఉన్న హాళ్ళకు మినహాయింపు కూడా అక్కడే ఉంది.

చేయగలిగినవి ఉన్నాయి. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ని వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి 30 సెకన్లు అలాగే నొక్కి ఉంచాలి. చాలామంది చెవి లాగరు, బయటే ఉబ్బిపోతుంది, "ఇవి పనిచేయవు" అని పారేస్తారు. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు జనరేటర్, ఏసీ లాంటి ఒకే తీరు మోతకి బాగుంటాయి, డోలు దెబ్బకి అంతగా పనిచేయవు. భోజనం దగ్గర ప్లగ్గులు తీసేయాలి, లేకపోతే అప్పడం నమిలిన చప్పుడు సొంత తలలోనే మారుమోగుతుంది.

ఇక గట్టిమేళం. అది హఠాత్తుగా వచ్చినట్టు అనిపిస్తుంది గానీ దానికి ముందే ఒక గుర్తు ఉంది: అక్షింతల పళ్ళెం. పళ్ళెం వరసల్లోకి వచ్చిందంటే ముహూర్తం నిమిషాల్లో ఉన్నట్టు. అక్షింతలు తీసుకున్న చేత్తోనే ప్లగ్గులు పెట్టుకోవాలి. పురోహితుడు కనపడే చోట కూర్చుంటే ఆయన సైగ కూడా కనిపిస్తుంది. జీలకర్ర బెల్లానికి ఒకసారి, మంగళసూత్రానికి ఒకసారి, కాబట్టి మొదటిది అయిపోగానే తీసేయొద్దు.

లగ్గం పత్రిక

ఎంతసేపు ఉండాలన్న లెక్కే నాకు నచ్చదు. ఉత్తగ కూసోబెడితే అరగంట కూడా ఎక్కువే. పని ఉంటే మూడు గంటలైనా గడుస్తయ్. కుర్చీల కూసున్నోళ్ళ దగ్గరికి అందరూ వచ్చి ముచ్చట పెడ్తరు, పనిల ఉన్నోళ్ళను ఎవ్వరూ కదిలియ్యరు గదా. చదివింపులు రాసే పని ఇయ్యండి. బల్ల అడ్డముంటది, ఎవ్వరూ దగ్గరికి వచ్చి మీద చెయ్యి వెయ్యరు. ఒక్కటే ప్రశ్న, ఒక్కటే జవాబు.

పాత లెడ్జరు

చదివింపుల బల్ల చూడటానికే సుళువు. ముహూర్తం కాగానే ఒక్కసారి నలభైమంది మీద పడతారు. ఒకాయన "మా బావ పేరు మీద రాయి" అంటాడు, ఇంకొకావిడ కవరు మీద పేరు లేకుండా ఇచ్చి "నేను తెలీదూ?" అంటుంది. ఎవరి తరఫున ఎవరు ఇచ్చారో తప్పు రాస్తే ఆ తగువు మనవడి పెళ్లి దాకా నడుస్తుంది. ఆ పైన డబ్బు.

ఇద్దరుంటే మాత్రం కుదురుతుంది. ఒకరు కవరు తీసుకుని గట్టిగా చదవాలి: ఇంటిపేరు, పేరు, ఊరు, అంకె. రెండోవారు రాయడమే, తల ఎత్తక్కర్లేదు. పుస్తకంలో ముందే గళ్ళు కొట్టుకోవాలి: వరస సంఖ్య, ఇంటిపేరు, పేరు, ఊరు, రొక్కం, ఎవరి ద్వారా. ఆ ఆఖరి గడి లేకపోతే సగం గందరగోళం అక్కడే. అదే వరస సంఖ్య కవరు మీద కూడా వేస్తే రాత్రి లెక్క కలుస్తుంది. పేరు లేని కవర్లకు వేరే డబ్బా. డబ్బు సంచి మూడో మనిషి దగ్గర ఉండాలి, తేడా వస్తే ఆటిజం ఉన్న మనిషి మీదికి నెట్టడం మన ఇళ్ళల్లో ఎంత తేలికో చెప్పక్కర్లేదు.

నన్నడిగితే ఇంతకన్నా మంచి పని తాంబూలం సంచులు. పెళ్లికి ముందురోజు, ఇంట్లో, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. 300 సంచులనుకోండి. కొబ్బరికాయ అడుగున, దాని మీద జాకెట్టు ముక్క, పక్కగా పసుపు కుంకుమ పొట్లాలు, వక్కలు. 25 సంచులకి ఒక అట్టపెట్టె, మొత్తం 12. అరటిపళ్ళూ తమలపాకులూ ముందురోజు వేయొద్దు, ఆకు వాడిపోతుంది, పండు కిందపడి నలిగితే జాకెట్టు ముక్క పాడవుతుంది. అవి పెళ్లిపూట పొద్దున్నే. ఈ పనిలో ఎదురుగా కూర్చునేది ఇద్దరో ముగ్గురో చుట్టాలు, కళ్ళల్లోకి చూడకుండా గంటలు మాట్లాడుకోవచ్చు.

గోదారి గట్టు

సంచుల మాట బాగుందండి, ఒప్పుకుంటాను. కానీ సంచులు కట్టిన మనిషి ముహూర్తానికి కనపడకపోతే "అలిగాడా?" అంటారు కదా.

మొహమాటం లేదు

ఈ చర్చలో ఒక సంగతి ఎవరూ అనడం లేదు. ఉండాలా, ఎంతసేపు ఉండాలి, ఏ పని ఇవ్వాలి, అంతా మీరే నిర్ణయిస్తున్నారు. 18 నిండిన మనిషికి తల్లిదండ్రులు వాళ్ళంతట వాళ్ళే గార్డియన్లు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కమిటీ నియమిస్తేనే అవుతారు, అదీ అవసరముంటేనే. శుభలేఖ మీద పేరున్నప్పుడు అడగాల్సింది ఆ పేరున్న మనిషిని. నోటితో చెప్పలేని వాళ్ళయితే రాసి, బొమ్మలు చూపించి, రెండు దారులు ముందు పెట్టి అడగొచ్చు.

అసలు అలసట డోలుది కాదు, "నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పుకో చూద్దాం" అన్నదానిది. ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి ముఖాలు గుర్తుండవు, అందులోనూ నగలూ మేకప్పూ వేసుకున్న ముఖాలు అసలే గుర్తుండవు. చెప్పలేకపోతే "పెద్దవాడివైపోయి మమ్మల్ని మర్చిపోయావా" అని ఒక వేళాకోళం. దీనికి విరుగుడు తోడున్న మనిషి ముందే చెవిలో అనడం: "ఎదురుగా వచ్చేది తెనాలి అత్తయ్య, మోకాలి ఆపరేషన్ అయింది." పేరూ, అడగడానికి ఒక మాటా, రెండూ చేతికొచ్చినట్టు.

ఇంకోటి, వద్దు అన్న మాట. మన పంక్తి భోజనాల్లో మొదటి వద్దు మొహమాటం కింద లెక్క, రెండోది మర్యాద, మూడోదాన్నే నమ్ముతారు. ఈ మనిషి మొదటిసారే నిజం చెప్తాడు. అయినా కొసరి కొసరి వడ్డించి, పప్పు పూర్ణం బూరె మీదికి పారాక "ఏం, తినడం లేదే" అంటారు. 2012లో డామియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు చెప్పింది దీని గురించే: అర్థం కాకపోవడం ఒకవైపు లోపం కాదు, రెండువైపులా ఉంది. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం ఆటిజం ఉన్న మేం నేర్చుకున్నాం, మొదటి వద్దు దగ్గరే గరిటె ఆపడం మీ వంతు. బఫే అయితే ఈ గొడవే లేదు, జనం రాకముందు తినేయొచ్చు.

గోదారి గట్టు

అయితే చుట్టాలందరికీ ఆటిజం అని చెప్పేయమంటారా? ఇంట్లో పెళ్లికావాల్సిన చెల్లెలుంటే? సంబంధాలు చూసేవాళ్ళు ముందు అడిగేది "వాళ్ళింట్లో ఏమైనా ఉందా" అనే. ఇది అన్యాయమే, కానీ ఉంది. "శబ్దం పడదు, తలనొప్పి వస్తుంది" అంటే సరిపోదా?

చెవిదూది

అరనిజం పూటకి గట్టెక్కిస్తుంది, అంతే. తలనొప్పి అంటే మాత్ర తెచ్చిస్తారు, తగ్గిందా అని పదిమంది వచ్చి అడుగుతారు. వద్దనుకున్నదే వచ్చి మీద పడుతుంది. మూడోసారికి తలనొప్పి కాస్తా పొగరు అవుతుంది. అందరికీ చెప్పక్కర్లేదు, చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. కానీ పెళ్లివారింట ఇద్దరికి తెలియాలి: పెత్తనం చేసే మనిషికి, గదుల తాళాలున్న మనిషికి.

తాళాల సంగతి ఎందుకన్నానంటే, విశ్రాంతి గది అని చెప్పిందే ముహూర్తం వేళకి పెళ్లికూతురి అలంకరణ గది అయిపోతుంది, లేదా నగల సూట్‌కేసులు పెట్టి తాళం వేస్తారు. విశ్రాంతికి కారైతేనే నమ్మకం. అదీ హాలు ఆవరణలో కాదు, బయట రోడ్డు మీద, ముఖం బయటికి తిప్పి. లోపల పెడితే వెనక నాలుగు బండ్లు అడ్డం పడతాయి, బరాత్ వచ్చిందంటే గేటు దగ్గర అరగంట కదలదు. తాళంచెవి తోడున్నవాళ్ళ జేబులో కాదు, ఆ మనిషి జేబులోనే.

బయలుదేరే వేళ గడియారం చూసి అనుకోవాలి. "ఎలా ఉంది, వెళ్దామా" అని అడిగితే "బాగానే ఉంది" అనేస్తారు, ఎందుకంటే ఆకలీ దాహమూ అలసటా లోపల్నుంచి ఆలస్యంగా తెలుస్తాయి. మాటలు పొట్టివైపోవడం, అడిగిందానికి అదే మాట తిరిగి చెప్పడం, ఒక్కచోటే చూపు నిలవడం, ఇవి కనపడితే అనుకున్న వేళ కాకపోయినా లేవాలి. అప్పటికే తట్టుకోలేక అదుపు తప్పితే పట్టుకోవద్దు, ప్రశ్నలు వద్దు, చుట్టూ ఒక్కరు చాలు, లైటు తగ్గించి నీళ్ళు అందేలా పెట్టి పక్కకి ఉండాలి. మొహాన నీళ్ళు కొట్టడం, విభూతి పెట్టడం మొదలుపెట్టే పెద్దల్ని ఆపడమే తోడున్న మనిషికి అన్నిటికన్నా కష్టమైన పని. మర్నాడు సెలవు ముందే పెట్టాలి.

లగ్గం పత్రిక

బట్టల ముచ్చట మర్చిపోయిండ్రు. జరీ అంచు మెడకాడ కోస్తది. లోపల పాత కాటన్ బనీన్, కొత్త అంగీ రెండుసార్లు ఉతికి, వెనక లేబుల్ కత్తిరించి. గుమ్మంల పన్నీరు చల్లేటోళ్ళుంటరు, పక్క తలుపునుంచి పోవాలె. ఈ మధ్య వచ్చిన పొగలూ పటాకలూ ఎప్పుడు పేలుస్తరో ఈవెంట్ వాళ్ళను ఒక్కసారి ఫోన్ల అడిగితే టైమ్‌తో సహా చెప్తరు.

రెండో వరస కుర్చీ

గంటన్నర అన్న మాట నేనే సవరించుకుంటున్నా. ముహూర్తానికి నలభై నిమిషాలు చాలు, అదీ పళ్ళెం వచ్చేముందు వచ్చి, మంగళసూత్రం అయ్యాక వెళ్ళిపోవడం. మిగతాది ముందురోజు సంచుల దగ్గర ఒక పూట, పెళ్లయిన నాలుగో రోజు కొత్తజంట ఇంట్లో కాఫీ. గోదారి గట్టు గారు చెప్పిన "రేపు ఎవరొస్తారు" అన్నదానికి పెళ్లి హాల్లో రెండొందలమందికి కనపడటం కన్నా ఆ సంచుల దగ్గర కూర్చున్న ఇద్దరు చుట్టాలు ఎక్కువ పనికొస్తారు.

గోదారి గట్టు

ఒక పూట ఒప్పుకున్నా, నలభై నిమిషాలు ఒప్పుకోను. తలంబ్రాల దాకా ఉండాలి, అందరూ నవ్వేది అప్పుడే. సరే గానీ, ముహూర్తం తెల్లవారుజామున 3:12కి ఉంటే?

చెవిదూది

నిద్ర చెడితే శబ్దం రెట్టింపు అవుతుందండి. ఆ రాత్రి హాల్లో పడుకోబెట్టొద్దు. ఇంట్లో 9కి పడుకుని, 2:15కి లేచి, పెరుగన్నం నాలుగు ముద్దలు తిని బయలుదేరాలి. ఆ వేళకి డీజే ఉండదు, సగం చుట్టాలు కుర్చీల్లోనే నిద్రపోతుంటారు. తలంబ్రాల దాకా ఉండగలిగే పెళ్లి ఏదైనా ఉందంటే అదే.