పెళ్లి కాకుండా పుట్టే పిల్లల శాతం పెరిగిందంటే అసలు పెరిగిందేమిటి?

ప్రశ్న (సోషియాలజీ విద్యార్థిని):
ఫ్రాన్స్‌లో ఇప్పుడు పుట్టే పిల్లల్లో 60 శాతానికి పైగా పెళ్లి చేసుకోని జంటలకో, ఒంటరి తల్లులకో పుడుతున్నారట. అమెరికాలో 1960లో 5 శాతం ఉన్నది ఇప్పుడు 40 దగ్గర ఉంది. దీనికంతటికీ టీనేజీ అమ్మాయిలే కారణమని మా క్లాసులో గట్టిగా వాదిస్తున్నారు. దీని మీదే వ్యాసం రాస్తున్నాను, కానీ నాకు ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు.

జవాబు (జనాభా లెక్కలు చెప్పే టీచర్):
మీ అనుమానం సరైనదేనండీ. అమెరికాలో 15-19 ఏళ్ల అమ్మాయిల కాన్పుల రేటు 1991తో పోలిస్తే నాలుగో వంతు కంటే కిందికి పడిపోయింది. అయినా పెళ్లి కాకుండా పుట్టే పిల్లల శాతం తగ్గలేదు, అప్పటికంటే పెరిగి 40 దగ్గరికి చేరింది. ఎందుకంటే ఈ తల్లుల్లో ఎక్కువమంది ఇరవై దాటినవాళ్లు, చాలామంది బిడ్డ తండ్రితోనే కాపురం ఉంటున్నారు.

ఇంకోటి. శాతం చూడగానే కంగారు పడకండి. పెళ్లైనవాళ్లకు 80 మంది, కానివాళ్లకు 20 మంది పుట్టారనుకోండి, 20 శాతం. పెళ్లైనవాళ్లు పిల్లల్ని తగ్గించుకుని 40 దగ్గర ఆగితే, ఆ 20 మందే 33 శాతం అవుతారు. కొత్తగా ఒక్క బిడ్డా పుట్టలేదు!

జవాబు (ఇంకో సభ్యుడు):
జపాన్‌లో ఇది 2 శాతమే. కానీ అక్కడ గర్భం వచ్చాక పెళ్లి చేసుకునేవాళ్లు చాలామంది. కాన్పు నాటికి పెళ్లైపోతుంది కాబట్టి ఆ బిడ్డ ఈ లెక్కలోకే రాదు.

ప్రశ్న అడిగినామె:
మరి ముందే గర్భం వచ్చిందని ఎలా తెలుస్తుంది సార్?

టీచర్:
పెళ్లి తేదీ, తొలి కాన్పు తేదీ పక్కపక్కన పెడతారు. మధ్యలో ఎనిమిది నెలలు కూడా లేకపోతే పెళ్లికి ముందు గర్భం కింద రాస్తారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు కొందరు అందులో కలుస్తారు, అది తప్పదు. ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లను ఇలాగే జత చేసి చూస్తే, 18వ శతాబ్దం చివర్లో సుమారు మూడో వంతు పెళ్లికూతుళ్లు అప్పటికే గర్భవతులు. పైగా ఆ రిజిస్టర్లలో ఉండేది బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ కాదు. బాప్తిస్మం పుట్టాక కొన్నాళ్లకు ఇస్తారు, దాంతో పెళ్లికీ కాన్పుకీ మధ్య గడువు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి అసలు సంఖ్య ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. "పాత రోజుల్లో ఇలా లేదు" అనేవాళ్లకు ఈ రిజిస్టర్లు చూపించాలి.

నాకు మాత్రం శాతం కంటే పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ హక్కే ముఖ్యం. జపాన్‌లో ఇలా పుట్టిన బిడ్డకు, పెళ్లైనవాళ్ల బిడ్డకు వచ్చే ఆస్తి వాటాలో సగమే ఇచ్చేవారు. అది రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. మీ వ్యాసంలో ఆ తీర్పుకు ఒక పేరా ఇవ్వండమ్మా.